అయిదో తారీఖు కమీషన్

అన్న ఆఫీసులో చాయ్ వచ్చిందంటే ఆ రోజు డబ్బు రాదని అర్థం. చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా వచ్చాయంటే ఆ నెలంతా రాదని అర్థం. ఒకసారి వేడివేడి సమోసాలు తెప్పించాడు. వాటిని చూడగానే నా గుండె జారిపోయింది. తినకుండానే లేచి వచ్చేశాను.

అన్న అంటే నా తోడబుట్టినవాడేం కాదు. నేను ఇళ్ల లోన్లు ఇప్పించే ఏజెంటుని. రాంగోపాల్‌పేట్‌లో స్టీలు సామాన్ల దుకాణం మీద ఒక గది, రెండు కుర్చీలు, మూడ్ బాగుంటే పనిచేసే ఒక ప్రింటరు. అదే నా ఆఫీసు. నాలాంటి చిన్నాచితకా వాళ్లకు బ్యాంకు నేరుగా కమీషన్ ఇవ్వదు. ఒక పెద్ద ఏజెంటుకు కోడ్ ఇస్తుంది. మేమంతా ఆ కోడ్ కింద మా ఫైళ్లు వేస్తాం. లోన్ వచ్చాక కమీషన్ ఆయన ఖాతాకు వెళ్తుంది. ఆయన తన వాటా ఉంచుకుని మిగతాది మాకు పంపాలి. పంపాలి అనే ఆ మాట దగ్గరే మా బతుకులన్నీ ఆగిపోయి ఉండేవి. ఆ పెద్ద ఏజెంటే అన్న. బేగంపేటలో ఆయనకు అద్దాల ఆఫీసుంది.

"చెల్లె, జెర ఆగు. అకౌంటెంట్ ఊరికి పోయిండు. వాళ్ల నాయనమ్మకు సీరియస్ ఉన్నది" అనేవాడు. నేను ఈ లైనులోకి వచ్చినప్పటి నుంచీ ఆ నాయనమ్మకు సీరియస్‌గానే ఉంది. వినీ వినీ ఆమె మీద నాకు అభిమానం పుట్టుకొచ్చింది. ఒకసారి వెళ్లి పండ్లు ఇచ్చి చూసి రావాలనిపించేది. నాయనమ్మ కాస్త తేరుకుంటే జీఎస్టీ మ్యాచ్ కాకపోయేది. అది మ్యాచ్ అయితే బ్యాంకులో సర్వరు పడిపోయేది. అలా నాలుగైదు నెలలు ఎండబెట్టి, మేము ఆశ వదులుకున్న రోజున అంతా కలిపి ఒక్క ముద్దగా వేసేవాడు. ఆ రోజు మాత్రం చాయ్ ఉండేది కాదు.

మనిషి చెడ్డవాడని అనను. మా అమ్మకు ఆపరేషన్ అయితే ఆస్పత్రికి వచ్చి గంటసేపు కూర్చున్నాడు. కానీ డబ్బు చేతికొచ్చాక అది మనది కాదని ఒప్పుకోవడం ఆయన శరీరతత్వానికి పడదు, అంతే.

మా ఇల్లు పద్మారావు నగర్‌లో, రెండో అంతస్తులో. తొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్నాం. కింది ఇంట్లో ఓనరు ఆంటీ ఉంటుంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇక్కడే వ్యాపారం పెట్టుకున్న కుటుంబం. ఆంటీ బంగారం లాంటి మనిషి. కూర చేస్తే గిన్నె పైకి పంపకుండా తినదు. కానీ ఆవిడకు ఒక పట్టుదల ఉంది. గోడకు మేకు కొట్టకూడదు.

"ప్లాస్టరు ఊడిపోద్ది అమ్మాయ్. మా ఆయన దగ్గరుండి పూత పూయించిన గోడలు" అనేది.

అందుకని మా ఇంట్లో గోడలన్నీ బోసిగా ఉండేవి. క్యాలెండరు ఫ్రిజ్ తలుపుకి, అద్దం కిటికీ ఊచకి, పెళ్లి ఫోటో బీరువా మీద వాలి. ఊళ్లో ఎంతమందికి ఇళ్లు ఇప్పించానో నాకే గుర్తులేదు. ఇంటికొచ్చి ఆ బోసి గోడలు చూస్తే మాత్రం ఒళ్లు మండేది.

ఒకరోజు ఆంటీ పైకి వచ్చి, కూతురు పెట్టబోయే పళ్ల డాక్టరు క్లినిక్ కోసం మేముంటున్న ఇల్లు అమ్మేస్తున్నానని చెప్పింది.

"మీరు కొంటానంటే మీకే ఇస్తాను. లేదంటే ఒకాయన రొక్కం పట్టుకుని తిరుగుతున్నాడు. మూఢం వెళ్లగానే అడ్వాన్సు ఇస్తానన్నాడు. నువ్వేం అనుకోవద్దమ్మా, ఆలోపు తేల్చుకో."

గురువో శుక్రుడో కనబడకుండా పోయే ఆ రోజుల్లో మా వైపు ఎవరూ ఇల్లు కొనరు, అడ్వాన్సు కూడా ఇవ్వరు. మూఢం అంటే మా ఏజెంట్లకు ఆకలి కాలం. ఏటా పంచాంగం చూసి తిట్టుకునేదాన్ని. ఆ ఏడు మాత్రం ఈసారి శుక్ర మూఢమని, దాదాపు మూడు నెలలుందని తెలిసి, కళ్లకద్దుకున్నాను.

ఆ రాత్రే మా ఆయనతో చెప్పాను. కొరియర్ ఆఫీసులో ఆయనకొచ్చే జీతం అద్దెకు, పిల్ల ఫీజుకు సరిపోతుంది. ఇంటి లోన్ నా సంపాదన మీదే రావాలి.

"ఊరందరికి ఇప్పిస్తున్నవ్, మనకెందుకియ్యరు?" అన్నాడు, అన్నం కలుపుకుంటూ.

అదే ధీమాతో నేనూ ఫైలు వేశాను. అన్న కోడ్ కిందే. ఆ కోడ్ తప్ప నాకు వేరే దిక్కు లేదు మరి. పనిలో పని, నా లోన్ మీద నాకు కమీషన్ కూడా వస్తుందని ఒక ఆశ.

వారం తిరక్కుండా బ్యాంకు నుంచి ఒక ఆఫీసరమ్మాయి నా గదికి వచ్చింది. నాకంటే బాగా చిన్నది. ఇలాంటి అమ్మాయిలు ఏం అడుగుతారో, ఏం చెప్పాలో నా కస్టమర్లకు నేనే కూర్చోబెట్టి నేర్పిస్తాను. తడబడొద్దు, ఎక్కువ మాట్లాడొద్దు, అడిగినదానికే జవాబు చెప్పండి అని. అంత చెప్పే దాన్ని, ఆ రోజు ఆ పిల్లకు మంచినీళ్లు ఇవ్వబోయి సగం బల్ల మీద పోశాను.

ఆమె నా బ్యాంకు స్టేట్‌మెంట్ మీద వేలు పెట్టింది. "మేడమ్, ఇక్కడ నాలుగు నెలలు ఏమీ లేదు. తర్వాత ఒకేసారి పడింది. మళ్లీ ఖాళీ. ఈఎంఐ ప్రతి నెలా కట్టాలి కదా?"

"అన్న... మా సార్ అప్పుడప్పుడు కొంచెం లేట్ చేస్తారు."

"సరే, ఆయన్నే అడుగుదాం" అని ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

ఇన్నేళ్లుగా ఆ మనిషి అబద్ధాలను తిట్టని రోజు లేదు. ఆ క్షణంలో మాత్రం, దేవుడా, ఈయన చేత ఒక్క మంచి అబద్ధం ఆడించు అని మొక్కుకున్నాను. నిజం చెబితే నా ఇల్లు పోయినట్టే.

మొక్కు వెంటనే ఫలించింది.

"మేడమా? గట్టి మనిషండి. ప్రతి నెల అయిదో తారీఖు ఆమె పైసలు ఆమె అకౌంట్ల పడుతయ్. ఇంతవరకు ఒక్కసారి సుత తప్పలే."

నేను ఊపిరి వదిలేలోపే ఆఫీసరమ్మాయి ముఖం మారిపోయింది. ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. "ప్రతి నెలా అయిదున వేస్తున్నారంట. ఈ అకౌంట్‌లో లేదు. మరి ఆ డబ్బు ఎక్కడికి వెళ్తోంది మేడమ్? ఇంకో అకౌంట్ ఉందా? మాకు చెప్పలేదేం?"

చచ్చాంరా భగవంతుడా అనుకున్నాను. లేటుగా వచ్చే డబ్బు ఆయన నోటి చలవ వల్ల దాచిపెట్టిన డబ్బయిపోయింది. నా కస్టమర్లకు నేర్పిన తెలివంతా పక్కన పెట్టి మొత్తం చెప్పేశాను. నాయనమ్మ సంగతి, జీఎస్టీ సంగతి, చాయ్ బిస్కెట్ల లెక్క, సమోసాల రోజు, ఆంటీ, మేకులు, మూఢం. ఈ మాటలు ఆయన చెవిన పడితే రేపటి నుంచి కోడ్ ఇవ్వడని తెలుసు. అయినా ఆగలేకపోయాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను కూడా. పరువు పోయిందని కాదు. ఇన్నేళ్లు నిజంగా కష్టపడి సంపాదించాను, అది కాగితం మీద కనబడకుండా పోయిందే అని.

సమోసాల దగ్గర ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది. తర్వాత నెమ్మదిగా అంది: "మేము ఆయనకు లేట్ చేయం మేడమ్. మా డబ్బు టైముకే వెళ్తుంది."

అది నాకు తెలియనిదేం కాదు. కానీ బ్యాంకు మనిషి నోటి నుంచి వినేసరికి, నాకు రావలసిన బాకీలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఆమె మళ్లీ ఫోన్ కలిపింది. "సార్, చిన్న విషయం. మేడమ్ ఫైలు రెండు మూడు నెలలు చూసి పైకి పంపుతాను. మీరు చెప్పిన అయిదో తారీఖు క్రెడిట్లు ఈ అకౌంట్‌లోనే కనబడాలి. మీరే చెప్పారు కాబట్టి ఇబ్బంది ఉండదు కదా?"

"ఏం తక్లీఫ్ లేదు మేడమ్" అన్నాడు అన్న. ఆయనకు కోడ్ ఇచ్చిన బ్యాంకే అడుగుతుంటే ఇంకేమంటాడు పాపం.

అసలు తమాషా ఏమిటంటే అది మూఢం. కొత్త లోన్లు లేవు, కొత్త కమీషన్లూ లేవు. అయినా అయిదో తారీఖు రాక తప్పదు, డబ్బు వేయక తప్పదు. అందుకని అన్న నాకు పాత బాకీల్లోంచి తీసి వేయడం షురూ చేశాడు. మొదటి నెల అయిదున పొద్దుటి నుంచీ ఫోన్ అరచేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం మెసేజ్ మోగింది. దాన్ని మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండో నెలా పడింది. మూడో నెల పొద్దున్నే పడింది. నాయనమ్మకు పూర్తిగా నయమైపోయినట్టుంది.

మూఢం వెళ్లక ముందే లోన్ ఖాయమైంది. వెళ్లిన వారానికి రిజిస్ట్రేషన్ అయింది. రొక్కం పట్టుకుని తిరిగినాయన ముహూర్తం చూసుకుని వచ్చేసరికి ఆంటీ ఆయనకు కాఫీ ఇచ్చి పంపించింది.

లోన్ చేతికి రాగానే అన్న మళ్లీ పాత దారి పట్టాడు. నా సొంత ఇంటి లోన్ మీద కమీషన్ అడిగితే చాయ్ తెప్పించాడు.

కార్తీకంలో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. ఆఫీసరమ్మాయిని పిలిచాను, అన్నను కూడా పిలిచాను. అన్న పెద్ద గోడ గడియారం పట్టుకుని వచ్చాడు. టైముకు ఏదీ ఇవ్వని మనిషి గడియారం ఇచ్చాడే అని మా ఆయన నా చెవిలో గొణిగాడు. హాల్లోకి అడుగుపెట్టగానే అన్నకు ఎదురుగా ఆ పిల్ల కనబడింది, ప్రసాదం తింటూ.

"నమస్తే సార్. మేడమ్ సొంత లోన్ కమీషన్ ఇచ్చేశారా?"

"అయిదో తారీఖుకే వేసినం మేడమ్" అన్నాడు, అలవాటైన నోటితో. అని, నన్నొకసారి చూసి, ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లాడు. ఆయన తిరిగి లోపలికి వచ్చేలోపు కొంగులో చుట్టుకున్న నా ఫోన్ మోగింది. వెళ్లి ఆయనకు చాయ్ పట్టుకొచ్చాను, రెండు బిస్కెట్లతో. వాటిని చూసి ఆయనే ముందు నవ్వాడు.

అందరూ భోజనాలకు లేస్తుంటే మా ఆయన సుత్తి, మేకు తెచ్చాడు, గడియారం పెడదామని. స్టూలు ఎక్కి మేకు గోడకు ఆనించాడు. ఆనించి అలాగే ఆగిపోయాడు. ఇద్దరం ఒకేసారి తల తిప్పి ఆంటీ వైపు చూశాం.

ఆంటీ విస్తరి ముందు కూర్చుని మమ్మల్నే చూస్తోంది.

"నన్ను చూస్తావేంటి అమ్మాయ్, నీ గోడేగా" అంది.

మా ఆయన చేతిలోంచి సుత్తి నేనే తీసుకున్నాను.