హనీఫా చేతి డైవ్ కంప్యూటర్

మా మైపాడులో హనీఫాను టైమెంతని అడగకూడదు. అడిగితే టైము తప్ప అన్నీ చెబుతాడు. సముద్రం అడుగున ఇరుక్కున్న లంగర్లనూ వలలనూ గాలి సిలిండరు కట్టుకుని దిగి విడిపించడం అతని పని. ఎంత లోతున ఎంతసేపున్నాడో లెక్కగట్టి, ఇంకెంతసేపు ఉండొచ్చో చెప్పే గడియారంలాంటి డైవ్ కంప్యూటర్ మణికట్టుకు వచ్చినప్పటి నుంచి మనిషి నేల మీద నిలవడం లేదు.

“నో-డెకో టైమంటే ఏందో తెలుసా జకరయ్యన్నా? అత్తగారింట్లో మర్యాద తగ్గకముందే లేచొచ్చేయడం. ఆ టైములోపల బయల్దేరితే నిదానంగా నేరుగా పైకి రావచ్చు. దాటినావంటే దారిలో ఆగి ఆగి రావాల. లేకుంటే ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్లు పట్టేస్తాయి, కాళ్లు పడిపోతాయి.”

“మరి సేఫ్టీ స్టాపు?” అని అడిగి చెడ్డాను.

“బిర్యానీ దించినాక మూత తీయకుండా ఉంచుతారే, అట్ట. పైకి తేలే ముందు మూడు నిమిషాలు ఆగడం.”

“బిర్యానీ చేసేది నేను, చెప్పేది ఈయన” అని నవ్వింది అతని భార్య గుల్నాజ్.

మొన్న ఆమె తమ్ముడు అజారుద్దీన్ అల్లూరులో పిల్లను చూడ్డానికి వెళుతూ, హోదాగా ఉంటుందని ఆ కంప్యూటర్ తన చేతికి కట్టుకున్నాడు. బావ వస్తువుకు బామ్మర్ది అడిగేదేముంది? గుల్నాజూ వెంట వెళ్లింది. ఆ పొద్దునే ఎవరిదో లంగరు ఇరుక్కుందంటే, హనీఫా కంప్యూటర్ లేని ఉత్త చేత్తోనే లోతుకు దిగి విడిపించి వచ్చాడు.

మధ్యాహ్నం నా కొత్త వల, మునిగిపోయిన పాత బోటుకు తగులుకుంది. అది పోతే ఈ ఏడు నాకు వేట లేనట్టే. ఒడ్డుకొచ్చి హనీఫాను తొందరపెట్టాను. అప్పుడే ఆటో దిగిన గుల్నాజ్ కంప్యూటర్ తెచ్చి ఇచ్చింది. అతను కట్టుకుని బటన్లు నొక్కి మురిసిపోయాడు.

“చూడన్నా, పొద్దున లంగరు కోసం దిగొచ్చినా బోలెడంత టైమిస్తా ఉండాది. పదండి” అంటూ సిలిండరు భుజానికెత్తుకున్నాడు.

గుల్నాజ్ అతని చేయి పట్టుకుంది. “పొద్దున మీరు నీళ్లలో ఉన్నప్పుడు ఇది పిల్లోళ్లింట్లో సేమ్యా పాయసం కాడ ఉండింది. మీ ఒంట్లో ఎంత చేరిందో దీనికేం తెలుసు?”

హనీఫా బటన్ల మీది వేలు తీసేశాడు. రోజూ పాఠాలు చెప్పే మనిషి! నవ్వబోయాను గానీ, వల గుర్తొచ్చి ఒళ్లు మండింది. “రేపటికి ముక్కలైపోద్ది కదమ్మా” అన్నాను.

“కుట్టుకుందాం, నేనూ వచ్చి కూర్చుంటా. ఈయన కాళ్లు పడిపోతే ఎవరు కుడతారన్నా?” హనీఫా సిలిండరు దించేశాడు.

మర్నాడు దిగితే సగం వలే దక్కింది. చిరిగిన చోటల్లా గుల్నాజూ నేనూ కుడుతుంటే, హనీఫా మా చుట్టూ తిరుగుతూ, రెండు మునకల మధ్య ఎంతసేపు ఒడ్డున ఆగాలో, దాన్ని సర్ఫేస్ ఇంటర్వెల్ అని ఎందుకంటారో చెప్పాడు. చెప్పనీ, ఆ కాళ్లతో అట్లానే తిరగనీ అనుకున్నాను.