పదకొండు తప్పులు

కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్లకు జీతమిచ్చే ఉద్యోగం ఒకటుంది. దాన్ని ప్రూఫులు దిద్దడం అంటారు. అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్లుగా ఆ పనే చేస్తున్న ఈ పెద్దమనిషిని బంధువులంతా చాటుగా ఎర్రసిరా అంటారు. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు. అంటే ఆ మాటలోనూ ఏదో తప్పు పడతాడని భయం.

పనిలో అతనికో పద్ధతి ఉంది. ఏ కాగితాన్నయినా చివరి మాట నుంచి మొదటి మాటకు, వెనక్కి చదువుతాడు. అర్థం తలకెక్కితే తప్పు కంటపడదని పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. ఆయన చెప్పింది అచ్చాఫీసు వరకే. ఎర్రసిరా దాన్ని ఇంటికీ మోసుకొచ్చాడు. చేతికి ఫోనొచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు.

బంధువుల గ్రూపులో ఎవరో కొత్త ఇల్లు కొన్నామని ఫొటో పెడితే, దాని కింద రాసిన వాక్యాన్ని దిద్ది పంపాడు. బాబాయి పోయాడన్న కబురునూ వదల్లేదు, దిద్దాడు. దాంతో జనం రాయడం మానేసి బొటనవేలు బొమ్మ పెట్టడం మొదలెట్టారు. ఆ వేలు చూస్తే అతనికి అరికాలి మంట నెత్తికెక్కేది.

"భాష చచ్చిపోయిందే. మనుషులు వేళ్లు చూపించుకుంటూ బతుకుతున్నారు," అని భార్య దగ్గర ఈసడించుకునేవాడు. వాళ్లతో రాత మాన్పించింది తానేనన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

అలాంటి మనిషికి ఇంకా పొడుగ్గా రాసే ప్రాణి లోకంలో ఒక్కతే మిగిలింది, చెల్లెలు. తల్లి లేని పిల్ల. చిన్నప్పుడు తనే చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లేవాడు. ఎన్నిసార్లు దిద్ది పంపినా ఆమె అలగలేదు. అన్నయ్య దిద్దాడంటే చదివాడనే కదా అనుకునేది, పిచ్చిది.

సోమవారం మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి తెర నిండా మెసేజీ వచ్చింది. అచ్చాఫీసు బల్ల దగ్గరే కూర్చుని, కింద నుంచి పైకి ఏరుకుంటూ వెళ్లాడు. దీర్ఘాలు పెట్టాడు, ఒత్తులు సరిచేశాడు, శుద్ధప్రతి తయారుచేసి పంపేశాడు. కాసేపటికి చెల్లెలు బొటనవేలు పెట్టింది. ఆమె అలా పెట్టడం అదే మొదటిసారి.

"ఇదీ చెడిపోయింది," అని విసుక్కున్నాడు.

సాయంత్రం భార్య అడిగింది. "మీ చెల్లెలు ఏదో రాసిందన్నారు, ఏం రాసిందండీ?"

"పదకొండు తప్పులు రాసింది."

శుక్రవారం పొద్దున మేనకోడలు గ్రూపులో కబురు పెట్టింది. నిన్న అమ్మకి ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఫర్వాలేదు అని. ఎర్రసిరా భగ్గుమన్నాడు. ఆ రెండు ముక్కల్లో తప్పులు వెతకడం కూడా మరిచి టకటకా కొట్టాడు. "సొంత అన్నని. నాకొక్క మాటైనా చెప్పలేదు. ఇదేనా మర్యాద?" నలభై మంది చూశారు.

మేనకోడలు వాదన పెట్టుకోలేదు. "సోమవారం మీరు దిద్ది పంపారు కదా మావయ్యా," అని ఆ శుద్ధప్రతిని తెచ్చి అందరి ముందూ పెట్టింది.

ఈసారి మొదటి నుంచి చదివాడు.

"అన్నయ్యా, గురువారం నాకు ఆపరేషన్. పిల్ల ముందు నవ్వుతూ తిరుగుతున్నాను కానీ, లోపల చాలా భయంగా ఉంది. నువ్వొకసారి రాగలవా? ఏమీ చెయ్యక్కర్లేదు. చిన్నప్పుడు బడికి తీసుకెళ్లినట్టు, ఆ గది గుమ్మం దాకా నా చెయ్యి పట్టుకుని వస్తే చాలు. నీకు పనుంటే వద్దులే."

ఎంత వెతికినా అందులో ఒక్క తప్పు దొరకదు. అతనికి తల కొట్టేసినట్టయింది. గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. ఒకరి తర్వాత ఒకరు, ఆ శుద్ధప్రతి కింద బొటనవేళ్లు పెట్టుకుంటూ పోయారు.

వంటింట్లోంచి భార్య తన ఫోను పట్టుకుని వచ్చింది. ఆవిడా ఆ గ్రూపులోనే ఉంది.

"ఎన్ని తప్పులన్నారు, మొన్న?"

ఎర్రసిరా లేచాడు. చొక్కా తగిలించుకుని, ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని గుమ్మం దిగాడు. ఆ సంగతి కూడా ఆవిడే వెనక్కి పిలిచి చెప్పాల్సి వచ్చింది.