దసరా నాడు బాపు నోరు తెరవలేదు

పండగ పూట కన్నతండ్రిని అంబులెన్సు ఎక్కించి, వాడకట్టునంతా ఏడిపించి, చివరికి ఆసుపత్రిలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ సైన్సు మాస్టారు ఒకడున్నాడు మందమర్రిలో. పేరు సదానందం. ఎవరా అని ఆరా తీయకండి, నేనే. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. కానీ ఆ కాసేపూ నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

మా బాపు బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ దసరాకు కొన్ని నెలల ముందు రక్తపరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ బాగా ఎక్కువుందని తేలింది. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది.

"ఇది రక్తనాళాల గోడలకు పేరుకుంటది. గుండెకు పోయే దారి మూసుకుంటే గుండెపోటు, మెదడుకు పోయే దారి మూసుకుంటే పక్షవాతం. అప్పటిదాకా నొప్పి ఉండది, ఏముండది. గోలీ రోజూ వేసుకోవాలె, నడవాలె, కొవ్వు మాంసం తగ్గించాలె."

"బంద్ పెట్టిస్త మేడం."

"తగ్గిస్తే చాలు. ఇంకోటి, మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగ వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు, వెంటనే తీసుకురావాలె. మీరు కూడ ఒకసారి రక్తం చూపించుకోండి సార్. ఇంట్ల ఒకరికుంటే మిగిలినోళ్లకు కూడ ఉండొచ్చు."

"నాకేమైతది మేడం? కట్టెపుల్ల లెక్కున్న" అని నవ్వి వచ్చేశాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, పనుంది.

నా భయానికి కారణం లేకపోలేదు. బాపు వాళ్లన్న, మా పెద్దబాపుకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. పోయేదాకా ఆయన మంచం దిగలేదు. ఆయనకు గంజి తాగించి మూతి తుడిచింది మా బాపే. కళ్లు మూసుకుంటే ఆ మంచం మీద బాపే కనిపించేవాడు. అందుకే ఇంటికి రాగానే పోలీసు అవతారం ఎత్తాను.

"బాపూ, నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. యాట కూర ముట్టనని."

"గిదేందిరా, శిన్న పోరగాని లెక్క?"

"ఎయ్యి."

వేశాడు. ఆనాటి నుంచి ఆదివారం బాపు కంచంలోకి బీరకాయ వచ్చింది. మరి ఆయన వంతు మాంసం ముక్కలు? పారేస్తామా చెప్పండి! పెద్ద మనసు చేసుకుని నేనే తినేవాణ్ని.

"నీ పాలు తిన్నది గాక బాపు పాలు గూడ నీకేనా?" అనేది నన్ను కన్న అవ్వ.

"వేస్టు పోతది గదనే అవ్వా."

మూలుగ బొక్కను కంచానికేసి టకటకా కొట్టి, ఎముక లోపలి మూలుగను జుర్రుమని లాగుతుంటే బాపు గోడవైపు తిరిగి బీరకాయ నమిలేవాడు. తండ్రి ప్రాణం కోసం కొడుకు పడే శ్రమ ఇదీ అని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ని.

అంతలో దసరా వచ్చింది. మా క్వార్టర్ల లైన్లో ఇళ్లన్నీ కలిసి యాటను, అంటే ఒక మేకపోతును, తెచ్చి కోయిస్తాయి. తర్వాత ఇంటికొక పోగు పెడతారు. కార్జం, బొక్కలు, మెత్తని ముక్కలు అన్ని పోగుల్లోనూ సమానంగా పడాలి. ఆ పని ఎప్పుడూ బాపుదే. ఆయన పెట్టిన పోగుకు ఇప్పటివరకూ ఎవరూ వంక పెట్టలేదు. ఆ పొద్దున ఒక్కో మూలుగ బొక్కనూ ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు సాగనంపాడు. నేను పక్కనే నిలబడి కాపలా కాశాను.

మధ్యాహ్నం అన్నాల వేళకు చూస్తే బాపు లేడు. పక్క క్వార్టర్లో యాకూబ్ చాచా ఉంటాడు. బాపూ ఆయనా ఒకే బావిలో పనిచేసిన దోస్తులు. అక్కడికి వెళ్లేసరికి బాపు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే చాచా గుమ్మానికి అడ్డంగా వచ్చాడు.

"అరె బేటా, నువ్వెందుకు వచ్చినవ్? మీ బాపు జర ఆగి వస్తడు, నువ్వు పో."

"బాపూ, బువ్వ తిందాం పా."

"ఊఁ... ఊవ్వ్..."

ముఖంలోకి చూశాను. ఒక దవడ కిందికి జారినట్టుంది. మూతి ఒక పక్కకు వంకర తిరిగింది. కళ్లలో నీళ్లు.

"బాపూ! రెండు చేతులు లేపు!"

ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి కండువా కింద డొక్కకు అతుక్కుని ఉంది, కదల్లేదు.

"నీ పేరు చెప్పు!"

రాజయ్య అనాల్సిన మనిషి "ఆవవ్వ" అన్నాడు.

నా కళ్ల ముందు పెద్దబాపు మంచం తిరిగింది. 108కి ఫోన్ చేశాను.

"బేటా, జర నా మాట సును, అది గాదు..."

"నాకు తెల్సు చాచా! నువ్వు పరేషాన్ గాకు!"

"ఓ దేవుడా! పొద్దుగాల పోగులు పెట్టిన మనిషి గదనే!" అని నా అరుపులకు పరుగెత్తుకొచ్చిన అవ్వ నేల మీద కూలబడింది. లైనంతా గుమిగూడింది. బాపు వద్దు వద్దని తల అడ్డంగా ఊపాడు. "తల గూడ ఊగుతుంది! జల్ది పట్టుండ్రి!" అని అరిచాను. నలుగురం కలిసి ఎత్తుకుపోయి బండిలో పడేశాం.

బండిలో ఉన్నతను, "తాతా, నోరు తెరువు" అన్నాడు. బాపు ఇంకా గట్టిగా మూశాడు.

"దవడ బిగిసిపోయిందన్నా! జర జల్ది పోనియ్యుండ్రి!"

బాపు చెయ్యి పట్టుకుని, ఉన్న పరువంతా వదిలేసి ఏడ్చాను. "బాపూ, బీరకాయ పెట్టి నిన్ను సతాయించిన. నువ్వు బతుకు. మూలుగ బొక్కలు నేనే తెచ్చి తినిపిస్త." ఆ మాటకు బాపు కళ్లు ఒక్కసారి మెరిశాయి. పెదవులు విడబోయి, నా మొహం చూసి మళ్లీ మూసుకున్నాయి.

ఆసుపత్రిలో అదే డాక్టరమ్మ. పరుగున వచ్చింది. కళ్లలోకి లైటు వేసింది, కాళ్లు కదిలించమంది. కదిలాయి. "ఈ చెయ్యి చూడాలె" అంటూ కండువా లాగింది. చంకలోంచి మూత పెట్టిన స్టీలు గిన్నె జారి, మూత ఊడి కూర పులుసంతా నా కొత్త చొక్కా మీద ఒలికింది.

డాక్టరమ్మ గిన్నెను చూసింది, నన్ను చూసింది, బాపును చూసింది.

"నోరు తెరువు పెద్దాయనా."

బాపు కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచాడు. ట్రేలో మూలుగ బొక్క ఠంగున పడింది.

"తిన్నవా? నా నెత్తి మీద ఒట్టేసి తిన్నవా?" అని అరిచాను.

"తినలేరా! నోట్ల వెట్టుకున్న, గంతే. అంతల నువ్వొస్తివి. జుర్రితే ఒట్టు తప్పుతది. ఉమ్మేస్తే నువ్వు జూస్తవ్. ఏం తోచక గట్లనే పట్టుకున్న. నీ మీద ఒట్టు గదరా, నీకేమన్నయితే?"

కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ పులుసు చొక్కాతోనే బాపును కౌగిలించుకుని మళ్లీ ఏడ్చాను. నర్సులు మాత్రం గోడలు పట్టుకుని నవ్వుతున్నారు.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, "తీసుకొచ్చి మంచిపనే చేసిండ్రు. మళ్లీ గిట్లనే కనిపిస్తే మళ్లీ తేవాలె, సిగ్గుపడొద్దు" అంది. తర్వాత నా వంక పరీక్షగా చూసింది. "ఎట్లాగూ వచ్చిండ్రు, ఇద్దరి రక్తం ఇచ్చి పోండి."

"నాకెందుకు మేడం?"

"ఇయ్యిరా" అన్నాడు బాపు. నోరు ఖాళీ అయ్యేసరికి గొంతు ఖంగుమంది.

మర్నాడు రిపోర్టులు చేతికొచ్చాయి. గోలీలు, నడక, బీరకాయల పుణ్యమా అని బాపు కొలెస్ట్రాల్ బాగా దిగింది. నాది, బాపుకు మొదట్లో ఉన్నదాన్ని కూడా దాటిపోయింది.

"ఇంట్లనే ఉన్న లక్షణం, దానికి తోడు తిండి. ఏం తింటుండ్రు సార్ మీరు?" అంది డాక్టరమ్మ.

 బాపు నా భుజం మీద చెయ్యేసి జాలిగా చెప్పాడు. "నా పాలు గూడ వీడే తిన్నడు మేడం. పాపం, వేస్టు పోతదని."

ఇప్పుడు బాపుకు అప్పుడప్పుడు రెండు మెత్తని ముక్కలకు అనుమతి ఉంది. రోజూ గోలీ ఇద్దరం వేసుకుంటాం. బీరకాయ నాకు. ఒట్టు కూడా నాదే, బాపు తన నెత్తి మీద చెయ్యి పెట్టించి వేయించుకున్నాడు. నా దవడ కాస్త ఉబ్బితే చాలు, పన్ను నొప్పి అన్నా వినకుండా ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు.

కాబట్టి ఈ లైన్లోని ఇళ్లన్నీ సాక్షిగా, ఆ స్టీలు గిన్నె సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: బాపు మూతి వంకరగా కనిపిస్తే మళ్లీ అంబులెన్సు పిలుస్తాను, మళ్లీ ఏడుస్తాను. కానీ ఆయన ప్రాణం కాపాడే పేరుతో ఆయన కంచంలో ముక్కను ఈ జన్మలో ముట్టను.