కొండ దిగాక ముందు పలికిందెవరు?

కార్డిఫ్ వెళ్ళే రైలెక్కేసరికి నేను రోమన్ చరిత్రలో మహాపండితుణ్ణి. రైలెక్కిన ఊళ్ళో రోమన్ శిథిలాలు చూసి, ఒక పల్చటి పుస్తకం కొని, ప్లాట్‌ఫారం మీదే సగం చదివేశాను మరి. ఎదుటి సీట్లోని వేల్స్ పెద్దాయన, ఒకప్పటి బొగ్గుగని కార్మికుడు, పాపం నాకు దొరికిపోయాడు.

"రోమ్‌లో పెద్దింటివాళ్ళదే రాజ్యమండీ. ఒకసారి సామాన్యులకు ఒళ్ళు మండి, ఊరు వదిలి కొండెక్కి కూర్చున్నారు. రొట్టె కాల్చేవాడు లేడు, యుద్ధానికి పోయేవాడు లేడు. పెద్దింటి సెనేటర్లు ఆకలికి చెప్పులు నమిలారు!" చెప్పులు నా సొంత కల్పన. "చివరికి దిగొచ్చి, సామాన్యుల తరఫున అధికారులను ఎన్నుకోనిచ్చారు."

"మేమూ ఏడాది సమ్మె చేశాం బాబూ," అన్నాడాయన. "మా దగ్గరికి రాజీకి ఎవరూ రాలేదు. మా తమ్ముడు మధ్యలోనే పనిలోకి వెళ్ళిపోయాడు. అలా వెళ్ళినవాడితో మా ఊళ్ళో ఎవరూ మాట్లాడరు. ఎదురిల్లే వాడిది. పదిహేనేళ్ళ పైమాటే, నేనూ మాట్లాడలేదు."

ఆయనే మళ్ళీ, "వాడిప్పుడు కార్డిఫ్ ఆస్పత్రిలో ఉన్నాడు. ఎక్కువ రోజులు బతకడట. చూడ్డానికే బయల్దేరాను," అన్నాడు. నా పుస్తకం వైపు చూశాడు. "కొండెక్కని సామాన్యులూ ఉండే ఉంటారుగా? కొండ దిగాక ముందు ఎవరు పలకరించారు, కొండెక్కినవాళ్ళా, ఊళ్ళో ఉండిపోయినవాళ్ళా?"

"ఇందులో రాయలేదండీ," అన్నాను. జన్మలో మొదటిసారి నిజం చెప్పాను, అదీ చెప్పకూడని చోట.

కార్డిఫ్ వచ్చింది. నేను దిగి, ఆయన కోసం తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన సీట్లోంచి లేవలేదు. రైలు స్వాన్సీ వైపు కదిలిపోయింది.