బోథ్‌కు బయల్దేరిన కేకు

నా మొదటి కేకును కుక్కర్‌లో చేశాను. విజిల్ తీసేసి, మూతకున్న రబ్బరు తీసేసి, అడుగున ఇసుక పోసి, దాని మీద గిన్నె పెట్టి మూత వేస్తే చాలని ఫోన్లో ఒకామె చెప్పింది. ఆమె వంటింట్లో ఒక్క ఉల్లిపొట్టు కూడా కనిపించలేదు. అప్పుడే అనుమానపడాల్సింది.

ఇసుక తెమ్మని మా ఆయనకు చెప్పాను. ఆయన మేముండే కరీంనగర్‌లోనే ఒక గ్రానైట్ వ్యాపారి ఆఫీసులో పనిచేస్తారు. సాయంత్రం ఇసుకకు బదులు సంచి నిండా నల్లటి గ్రానైట్ ముక్కలు తెచ్చారు.

"ఇసుక ఎవలన్న తెస్తరు. గిది ఒక్కసారి వేడి పట్టిందంటే ఇడిచిపెట్టది," అన్నారు గర్వంగా.

ఆయన చెప్పింది నిజమే, రాయి వేడిని విడిచిపెట్టలేదు. గిన్నె అడుగున మందంగా బొగ్గు, పైన పచ్చి పిండి, రెండింటి నడుమ వేలెడు కేకు దొరికాయి. ఆ వేలెడు కేకును మేమిద్దరం, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి పంచుకుని తిన్నాం. "నడుమ మంచిగుందమ్మా," అంది అమ్మాయి. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఓవెన్ కొనిపించాను.

ఓవెన్ వచ్చిన వారమే మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, కంటి పరీక్ష కోసం మా పుట్టింటి ఊరు బోథ్ నుంచి వచ్చింది. అక్కడ మా బాపు పత్తి, సోయా వేస్తాడు. తమ్ముడు మస్కట్‌లో పనిచేస్తాడు. మరదలు, దాని పాప అవ్వా బాపుల దగ్గరే ఉంటారు. అవ్వ ఓవెన్ అద్దంలోంచి లోపలికి చాలాసేపు చూసింది.

"గిండ్ల ఏం చేస్తవే?"

"బిస్కెట్లు, కేకులు, రొట్టెలు."

"రొట్టెలు పెంక మీద రావా?"

ఆ సాయంత్రం ఆమె కోసం జొన్నపిండి బిస్కెట్లు చేశాను. అవ్వ ఒకటి తీసుకుని కొరకబోయి, ఆగి, మర్యాదగా చాయ్‌లో ముంచింది. ఈసారి పత్తి ఎలా ఉందో చెప్పింది. మరదలి పుట్టింటి సంగతులు చెప్పింది. చాయ్ చల్లారింది. బిస్కెట్ మాత్రం ముంచినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"గట్టి సరుకు బిడ్డా. ఊరికి తీస్కపోత, దారిల చెడిపోదు," అంది అవ్వ.

ఆమె మెచ్చుకున్నదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. డబ్బా నిండా తీసుకుపోయిన మాట మాత్రం నిజం.

కొన్ని నెలలకు చేయి కుదిరింది. కేకు పొంగడం మొదలైంది. పొంగింది కుంగకుండా నిలవడం మరికొన్నాళ్లకు మొదలైంది. రుచి చూడటానికి పక్కింటి వదినను పిలిచేదాన్ని. వదిన చాలా మంచి మనిషి. ఏది పెట్టినా కళ్లు మూసుకుని నమిలి "మస్తుంది" అనేది. మాడినదానికీ, ఉడకనిదానికీ, నిజంగా కుదిరినదానికీ ఒకటే మస్తు. అయినా వింటూ వింటూ ఉంటే మనిషికి ధైర్యం వస్తుంది. నాకు అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే వచ్చింది.

అలా ఉండగా ఎండాకాలంలో తమ్ముడు సెలవు మీద వచ్చాడు. పాప మొదటి పుట్టినరోజు దగ్గరుండి చేయాలని వాడి ఆశ. పిలవడానికి ఫోన్ చేస్తే, కేకు నేనే చేసి తెస్తానన్నాను.

"ఎందుకక్కా పరేషాన్? ఈడ దుకాణంల దొరుకుతది. నువ్వు ఉత్తగ రా, చాలు."

"మేనత్తనుండంగ దుకాణం కేకు కోస్తరా?"

"గది కాదు, గంత దూరం బస్సుల..."

"నువ్వు ఫికర్ చెయ్యకురా."

వాడు పక్కన ఎవరితోనో ఏదో గుసగుసలాడాడు. తర్వాత "సరే అక్కా" అన్నాడు. నా మాట మీద వాడికి ఎంత గౌరవమో అనుకున్నాను.

రెండంతస్తుల కేకు చేశాను. మధ్యలో మామిడి గుజ్జు, చుట్టూ తెల్లటి క్రీము, అంచుల వెంట క్రీముతోనే పూలు, పైన మామిడి ముక్కలు. అమ్మాయి ఫొటోలు తీసింది. వదిన వచ్చి చూసి, తినకముందే "మస్తుంది" అంది. మా ఆయన అట్టపెట్టె తెచ్చారు. కేకు చుట్టూ మంచు గడ్డలున్న కవర్లు పేర్చాం. కారు మాట్లాడుకుందామని ఆయన అన్నారు. ఆడవాళ్లకు సర్కారు బస్సు ఫ్రీగా ఉండగా కారెందుకని నేను కొట్టిపారేశాను. కారులో ఏసీ ఉంటుందన్న సంగతి నాకు నిర్మల్ దాటాక గుర్తొచ్చింది.

పరీక్షలున్నాయని అమ్మాయి వదిన వాళ్లింట్లో ఆగింది. మేమిద్దరం పొద్దున్నే బస్టాండుకు పోయేసరికి బస్సు నిండి ఉంది. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన టికెట్ కొనుక్కుని నిలబడ్డారు. డబ్బులివ్వని నేను కూర్చుని, డబ్బులిచ్చిన ఆయన నిలబడటం చూసి కండక్టర్ నవ్వాడు.

"అమ్మా, నీకు ఫ్రీ. మరి గా పెట్టెకు?"

"ఒళ్లోనే పెట్టుకుంటున్న కదన్నా."

"అయితె చంటిపిల్ల కింద లెక్క. పోనీ," అని ముందుకు వెళ్లాడు.

జగిత్యాల దాటేసరికి ఎండ ముదిరింది. పెట్టె అడుగు నుంచి చుక్క చుక్కగా నీళ్లు పక్క సీటు ముసలమ్మ కాళ్ల మీద పడుతున్నాయి.

"బిడ్డా, నీ పెట్టె కారుతుంది."

"మంచు అవ్వా, కరుగుతుంది."

"మంచుల పెట్టిన్రా? మందులా? ఎవలకు బాగ లేదు?"

"మందు కాదవ్వా, కేకు."

ఆమె నా ముఖం వైపు జాలిగా చూసింది. నిజం చెప్పడం ఇష్టం లేక ఏదో చెబుతున్నానని అనుకున్నట్టుంది. ముందు సీటావిడ చెవిలో ఏదో చెప్పింది. కొద్దిసేపట్లో, కరీంనగర్ దవాఖాన నుంచి ఎవరికో సూదిమందు మంచులో పెట్టి తీసుకుపోతున్నారన్న కబురు బస్సంతా పాకింది. కేకు అని నేను మళ్లీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఒకాయన లేచి మా ఆయనకు సీటిచ్చాడు. ఇంకొకాయన డ్రైవర్‌ను జర తొందరగా పోనిమ్మన్నాడు. నాకు కావలసింది నిదానంగా పోవడం. డ్రైవర్ మాత్రం పాపం, మా మంచి కోసమే బండిని ఉరికించాడు.

నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు వచ్చింది. మొదటి మలుపులో పెట్టె లోపల ఏదో బరువుగా ఒక పక్కకు జరిగింది. రెండో మలుపులో అది ఇంకో పక్కకు జరిగింది. ఆ తర్వాత లోపల జరగడానికి గట్టిది ఏమీ మిగలలేదని నా మోకాళ్లకు తెలిసిపోయింది.

నేరడిగొండలో దిగాం. ముసలమ్మ కిటికీలోంచి "దేవుడు సల్లగ చూస్తడు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అంది. బస్సు పోయాక నీడలో నిలబడి పెట్టె తెరిచాం. పూలు లేవు, అంతస్తులు లేవు. పసుపు, తెలుపు కలిసిన చిక్కటి గుజ్జులో కేకు ముక్కలు మునిగి ఉన్నాయి. మా ఆయన వంగి చాలాసేపు చూశారు.

"అడుగు మాత్రం గట్టిగనే ఉంది," అన్నారు చివరికి.

నాకు ఏడుపొచ్చింది. నవ్వించాలని కాదు, ఓదార్చాలనే ఆయన ఆ మాట అన్నారు. అందుకే ఇంకా ఏడ్చాను. బోథ్‌లో ఒక దుకాణం కేకు కొనుక్కుని, ఇది ఎవరి కంటా పడకుండా పారేద్దామని ఆటో ఎక్కాం.

బోథ్ బేకరీలో అద్దాల బీరువా ఖాళీగా ఉంది.

"ఉన్న ఒక్క కేకు పొద్దుగాలనే తీస్కపోయిన్రమ్మా. నిన్ననే చెప్పి పెట్టుకున్నరు. మస్కట్ నుంచి వచ్చిండు చూడు, ఆయన బిడ్డ పుట్టినరోజట," అన్నాడు దుకాణదారు.

మా ఆయన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నా ఏడుపు మాత్రం అక్కడితో ఆగిపోయింది. ఆ క్షణంలో నాకొచ్చిన కోపం వేడికి కేకు కాలడానికి ఓవెన్ అక్కర్లేదు.

తమ్ముడు గడపలోనే ఎదురయ్యాడు. వాడు నా చేతిలో పెట్టెను చూశాడు. నేను వాడి వెనక ఫ్రిజ్‌ను చూశాను.

"ఎట్లొచ్చిందక్కా కేకు?"

"మంచిగనే వచ్చింది. నీదెట్లొచ్చిందిరా?"

వాడు తల దించుకున్నాడు. "అవ్వనే తెమ్మన్నది," అన్నాడు.

లోపలి నుంచి అవ్వ వచ్చింది. దాచే మనిషి కాదు. "అవునే, నేనే తెమ్మన్న. నీ మీద నమ్మకం లేక కాదు బిడ్డా, రోడ్డు మీద లేక," అంది. నా చేతుల్లోంచి పెట్టె తీసుకుని మూత ఎత్తి చూసి, వేలితో కొంచెం నాలుక మీద రాసుకుంది. దాన్ని వంటింట్లోకి తీసుకుపోయింది. పెంటకుప్ప మీద పడేస్తుందనుకుని నేను వెంట పోలేదు. ప్రయాణపు చీరతోనే పోయి పాప పక్కన పడుకున్నాను. పాప నా గాజులు లాగుతూ నవ్వింది. ఆ ఇంట్లో ఆ రోజు నా కేకు గురించి ఏ అభిప్రాయమూ లేని మనిషి అదొక్కటే.

సాయంత్రం వాకిలి నిండా చుట్టాలు. దుకాణం కేకు బల్ల మీద నిటారుగా నిలబడింది. ఒక్క పువ్వు కూడా చెదరలేదు. పాప చేయి పట్టుకుని తమ్ముడు కోశాడు. పాప నోట్లో ఇంత పెట్టారు. తర్వాత వాడి స్నేహితులు మిగతాదాన్ని వాడి ముఖానికి పూశారు, వాడు వాళ్ల ముఖాలకు పూశాడు, మిగిలింది మా ఆయన చెంపలకు అంటింది. పాప తిన్నది తప్ప ఇంకొక్క ముక్క కూడా ఎవరి కడుపులోకీ పోలేదు. నేను కష్టపడి తెచ్చిన క్రీము పూలకు కూడా ఇదే గతి పట్టేదని అప్పుడు అర్థమైంది.

వాళ్లు ముఖాలు కడుక్కుంటుండగా అవ్వ, మరదలు పళ్లేల్లో స్టీలు గిన్నెలు పెట్టుకుని వచ్చారు. గిన్నెల్లో పసుపు పచ్చగా, చిక్కగా, మధ్యమధ్య మెత్తటి ముక్కలతో ఏదో ఉంది. అది నా కేకే. నేను ఎవరి ముఖమూ చూడలేక గోడ వైపు తిరిగాను. చెంచాల చప్పుడు వినిపించింది. చాలాసేపు అదొక్కటే వినిపించింది.

"గిదేం మిఠాయే?" అంది మా పెద్దమ్మ. ఆమె అవ్వకు అక్క, ఇచ్చోడలో ఉంటుంది. "శ్రీఖండ్ లెక్కుంది గని శ్రీఖండ్ కాదు."

"నా బిడ్డ కరీంనగర్ నుంచి చేసి తెచ్చింది," అంది అవ్వ.

పెద్దమ్మ ఇంకో గిన్నె తీసుకుంది. వానలు తగ్గాక తమ కొత్త ఇంటి గృహప్రవేశం ఉందని, దానికి ఇదే చేసి తేవాలని అందరి ముందూ నా చేత ఒప్పించుకుంది. నేను ఒప్పుకున్నాను. దాని పేరేమిటని ఎవరో అడిగితే, మా ఆయన కడిగిన ముఖంతో వచ్చి "బస్సు కేక్" అన్నారు. ఏదో కొత్త రకం పేరనుకుని అందరూ తలూపారు.

ఊరి నుంచి వచ్చాక అసలు కష్టం మొదలైంది. ఇన్నాళ్లూ కేకు నిలబడాలని తంటాలు పడ్డదాన్ని, ఇప్పుడు దాన్ని పడగొట్టడానికి తంటాలు పడ్డాను. కేకు చేసి, క్రీము వేసి, ఎండలో పెట్టాను. పులిసింది. చేత్తో చిదిపి కలిపాను. తీపి తప్ప ఇంకే రుచీ లేదు. మా అమ్మాయి సలహా మీద మా ఆయన డబ్బాను స్కూటర్ మీద పెట్టుకుని గుంతల రోడ్డులో తిరిగి వచ్చారు. అదీ కుదరలేదు. వదినకు పెడితే కళ్లు మూసుకుని నమిలి, ఎన్నడూ లేనిది "జర వేరేగ ఉంది" అంది. వదిన నోట మస్తు రాకపోవడంతో నాకు భయం వేసి అవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, ఎంత చేసినా ఆనాటి రుచి వస్తలేదు."

"పెరుగేసినవా?"

"పెరుగెందుకు?"

"మొన్న వచ్చినోళ్లు ఎక్కువైరి, నీ పెట్టెల ఉన్నది సగం మందికి సుత సరిపోదాయె. మూటగట్టిన గడ్డ పెరుగుంటె కలిపిన. ఇలాచి దంచి ఏసిన. చిటికెడు ఉప్పు. ఉత్త తీపి ఎట్ల తింటరే?"

"మరి చెప్పద్దా?"

"నలుగురు నిన్ను మెచ్చుకుంటుంటె నడుమ నేను మాట్లాడుడెందుకు? అల్లుని ముందట నిన్ను చిన్నగ చేస్తనా?"

అవ్వ అటు నుంచి వానల గురించి చెప్పడం మొదలుపెట్టింది.

గృహప్రవేశానికి ఇచ్చోడకు ముందురోజే పోయి, అవ్వ చెప్పినట్టే, పెద్దమ్మ వంటింట్లో చేశాను. కేకు మాత్రం కరీంనగర్ నుంచి ఏ అలంకారమూ లేకుండా, ఎండాకాలంలో నిలవ చేసిన మామిడి గుజ్జుతో పాటు సంచిలో తీసుకుపోయాను. గిన్నెలు ఖాళీ అయ్యాయి. అందరూ నన్ను పొగుడుతుంటే ఈసారి ఊరుకోలేదు. ఇది మా అవ్వ కనిపెట్టిన మిఠాయి, నాది పిండి వరకే అని అందరి మధ్యా చెప్పాను.

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని వక్క నములుతోంది. "గదేం మాటనే? నేనేమన్న కేకులు చేస్తనా? నాకేం ఎరుక?" అంది.

అందరూ ఆమె మాటే నమ్మారు. అంత పేరొచ్చినా తల్లికి ఇస్తానంటున్నదని నా గుణాన్ని కూడా మెచ్చుకున్నారు. అవ్వ వైపు కోపంగా చూస్తే, ఆమె ఖాళీ గిన్నె నా వైపు జరిపి, ఇంకొంచెం పెట్టమంది.

ఇప్పుడు ఆ వైపు చుట్టాలంతా నన్ను కేకుల అక్క అంటారు. నా కేకును ముక్కగా కోసుకుని తిన్నవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. మా ఇంట్లో మాత్రం ఆదివారం ఆదివారం ఓవెన్ వెలుగుతూనే ఉంది. పోయిన వారం చేసిన కేకు ఎంత ఎత్తు పొంగిందంటే, కోయడానికి మనసొప్పక చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను.