దోమ యాసలో మాట్లాడిన ముసలమ్మ

హెలికాప్టర్ చక్రాలు మంచుకు ఆనీ ఆనకముందే దూకమన్నారు. దూకాను. నా వెనకే కిరోసిన్ డబ్బాలు, ఉల్లిగడ్డల సంచి, ఉత్తరాల మూట దొర్లాయి. హెలికాప్టర్ ఇంజను ఆపలేదు. అది లోయలోకి వాలిపోయాక చెవుల్లో గాలి హోరు ఒక్కటే మిగిలింది. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టడం మొదటిసారి తెలిసింది. నేను బషీరాబాద్ పక్క పల్లెలో గొర్రెల వెంట ఎండలో పెరిగిన వాణ్ణి.

పోస్టు ఒక శిఖరం అంచున ఉంది. ఫైబర్ గుడిసె ఒకటి, మంచులో తవ్విన బంకర్లు రెండు. మనుషులం అయిదుగురం. గఢ్వాల్ నుంచి వచ్చిన సుబేదార్ సాబ్, కేరళ రేడియో ఆపరేటర్, బీహార్ వంటవాడు, మెషిన్‌గన్‌తో నేను. అయిదోవాడు నర్సింగ్ అసిస్టెంట్. అతని ముఖం చుట్టూ ఊలు గుడ్డ ఉంది. కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏ ఊరు?" అని హిందీలో అడిగాడు.

"తాండూరు దగ్గర."

గుడ్డ కిందికి లాగాడు. "తాండూరా? అరె! మాది దోమ. పరిగి పక్కపొంటి."

వాళ్ల ఇంటిపేరు చెప్పాడు. భూములున్న రెడ్లు. మా ఇళ్లల్లో అలవాటైన మాట నా నోట్లోంచి వచ్చేసింది. "ఎప్పుడొచ్చినవ్ పటేలా?"

"గీడ పటేల్ లేడు, గిటేల్ లేడు. డాక్టర్ అను, సాలు. ముందుగాల బూట్లిడువు. కాళ్లు సూడాలె."

నా కాలివేళ్లను ఒక్కొక్కటే నొక్కి చూశాడు. మా ఊళ్లో అయితే వాళ్ల అరుగు మీద కూర్చోవడానికి మా నాయన వెనకాడేవాడు. ఇక్కడ వాళ్ల పిల్లగాడు నా పాదం ఒళ్లో పెట్టుకున్నాడు.

పని ఒక్కటే రకం. మంచు తవ్వడం, కాపలా, సాక్సులు ఆరబెట్టడం, మళ్లీ తవ్వడం. రేడియో బ్యాటరీల కోసం మధ్యాహ్నం మూడింటికి జనరేటర్ వేసేవాళ్లం. నాలుగున్నరకు ఆపేవాళ్లం. ఆ గంటన్నరలోనే మాకు సినిమా. రేడియో ఆపరేటర్ దగ్గర పాత లాప్‌టాప్ ఒకటి, హార్డ్ డిస్క్ ఒకటి ఉన్నాయి. ఆ డిస్క్‌ను కొచ్చిలోని అతని దోస్తు సినిమాలతో నింపి ఇచ్చాడు.

"నా దోస్తు చెప్పాడు. ప్రపంచంలోనే గొప్ప సినిమా" అని మొదటి రోజు ఒకటి పెట్టాడు. అందులో ఒక మనిషి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత గుడ్డు ఉడకబెట్టుకున్నాడు.

"ఇది చూడ్డానికి కిరోసిన్ కాలుస్తున్నామా?" అన్నాడు సుబేదార్ సాబ్.

"సాబ్, ఓపిక పట్టండి. చివర్లో..."

చివర రాకముందే జనరేటర్ టైమ్ అయిపోయింది. రోజూ ఇదే గొడవ. వంటవాడికి కొట్లాటలు కావాలి. సాబ్‌కు దేవుడి సినిమాలు కావాలి. రేడియోవాడేమో తన దోస్తు మెచ్చుకున్నవే పెడతాడు. అవన్నీ ఎక్కడెక్కడి భాషలో. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతుంటాయి. నేను మొదటి మాట చదివేలోపు మూడో వరస పోయేది. తల పగిలేది. కష్టపడి దొరికిన గంటన్నర ఇట్లా పోతోందని ఒళ్లు మండేది.

ఒకరోజు రేడియోవాడు ఒక సీరియల్ తెరిచాడు. ఏదో చలి దేశం. కొండ మీద ఒక ముసలమ్మ, ఆమె గొర్రెల మంద. తెల్లారేసరికి దొడ్డి ఖాళీ. తోడేళ్లు తిన్నాయని ఊరంతా అంటుంది. దొంగ పని అని ఆమె అంటుంది. ఒక పోలీసు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని మందను వెతకడానికి బయలుదేరుతుంది.

నాకు మాటలు అర్థం కాలేదు గానీ గొర్రెలు అర్థమయ్యాయి. "ఆగు, వెనక్కి తిప్పు. ఏం జెప్పిందామె?" అన్నాను.

డాక్టర్ నా పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. పోలీసు మాటలు హిందీలో చెప్పాడు. ఊరి పెద్ద మాటలూ హిందీలోనే. ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఓ పోలీసాయనా! తోడేలైతే నెత్తురేది? బొచ్చేది? నీ కండ్లు దొబ్బినయా?"

నేను పడీపడీ నవ్వాను. మిగతావాళ్లు నా ముఖం చూశారు. "ఆమెకు హిందీ ఎందుకు చెప్పవు?" అని సాబ్ అడిగాడు.

"సాబ్, ఈ ముసలమ్మ హిందీలో మాట్లాడితే బాగుండదు. ఈమె మా మండలం మనిషి."

అప్పట్నుంచి అదే పద్ధతి. అందరూ హిందీ మాట్లాడేవాళ్లు, ముసలమ్మ ఒక్కతే దోమ యాస మాట్లాడేది. ఆమె మాటల్ని నేను హిందీలోకి మార్చి చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు ఆ అవసరం కూడా తగ్గిపోయింది. అన్నం వడ్డిస్తూ బీహార్ వంటవాడే "జర తిను కొడుకా, ఫికర్ జేయకు" అనేవాడు. కాపలా మారేటప్పుడు సాబ్ "ఏంది, మస్తు సలి ఉన్నదా?" అని అడిగేవాడు.

దొంగ ఎవరన్నదాని మీద రోజంతా వాదులాట. ఆమె అల్లుడని సాబ్ అనుమానం. పోలీసు మీద వంటవాడికి నమ్మకం లేదు. నేనేమో గొర్రెల నడక గురించి డాక్టర్‌తో తగాదా పడేవాణ్ణి.

"గొర్లు గట్ల వరస కట్టి నడ్వయి. గీ సీరియల్ తీసినోనికి తెల్వదు."

"ఆ గొర్లు సర్కార్ స్కూల్ల సదివినయి రా మల్లేశం. జర సప్పుడు జేయక సూడు."

కథ ఇంకో రెండు భాగాల్లో ముగుస్తుందనగా తుపాను పట్టింది. గుడిసె తలుపు మంచుతో మూసుకుపోయింది. లోపల్నుంచే తవ్వుకుని బయటికి వెళ్లి జనరేటర్ వేశాం. ముసలమ్మ ఒక పెద్ద సంతకు చేరింది. డాక్టర్ బాగానే చెబుతున్నాడు. మధ్యలో పోలీసు నోట తెలుగు వచ్చింది. వంటవాడు నవ్వాడు. తర్వాత "తలుపు" అనాల్సిన చోట "గొర్రె" అన్నాడు. మళ్లీ అదే మాట. సాబ్ కూడా నవ్వాడు.

"సక్కగ జెప్పు డాక్టర్. గిప్పుడేం ఆటలు?" అన్నాను విసుగ్గా.

అతను నావైపు తిరిగాడు. ఏదో అన్నాడు. అది ఏ భాషా కాదు. కుడిచేతిలోని మగ్గు జారింది. చాయ్ అతని ఒళ్లో ఒలికింది. అయినా అతను కిందికి చూడలేదు.

సాబ్ లేచి నిలబడ్డాడు. "లాప్‌టాప్ బంద్. బేస్‌కు కలుపు."

మా అయిదుగురిలో వైద్యం తెలిసినవాడు అతనొక్కడే. రేడియోలో బేస్ డాక్టర్ గొంతు వచ్చింది.

"మనిషికి తెలివి ఉందా?"

"ఉంది సర్."

"మాట?"

"లేదు సర్. కుడిచెయ్యి కూడా లేవడం లేదు."

"ఆక్సిజన్ పెట్టండి. తల కొంచెం ఎత్తుగా ఉంచండి. మందుల పెట్టె తెరవండి."

నేను పెట్టె తెరిచాను. ఆ పెట్టెలో ఏ సీసా ఎక్కడుందో డాక్టర్‌కు కళ్లు మూసుకున్నా తెలుసు. అతని చూపు పెట్టె మీదే ఉంది. ఒక సీసా తీసి చూపించాను.

"ఇదా?"

"కాదు" అన్నాడు. ఆ ఒక్క మాట స్పష్టంగా వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకొకటి తీశాను.

"కాదు."

మూడోది, నాలుగోది. అన్నిటికీ అదే మాట. చివరికి ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని ఊపాడు. కళ్లల్లో నీళ్లు. "కాదు, కాదు, కాదు." అతను చెప్పాలనుకున్నది అది కాదని అప్పుడు అర్థమైంది. అతని దగ్గర ఇక ఆ మాట ఒక్కటే మిగిలింది. మందు పేరు బేస్ డాక్టర్ ఒక్కో అక్షరంగా చెప్పాడు. నేను వెతికి తీశాను. సాబ్ సూది వేశాడు.

"హెలికాప్టర్ ఎప్పుడు?" అని రేడియోవాడు పదేపదే అడిగాడు. "వాతావరణం తెరిపి ఇస్తే" అని ప్రతిసారీ అదే జవాబు. తెరిపి ఇవ్వడానికి మర్నాటి ఉదయం దాకా పట్టింది. పైలట్‌ను తిట్టలేం. గాలిని తిట్టుకున్నాం. స్ట్రెచర్‌ను నడుములోతు మంచులో మోసి హెలికాప్టర్‌లోకి ఎక్కించాం. మెదడు నరంలో రక్తం గడ్డకట్టిందనీ, ఆ ఎత్తులో అట్లా జరుగుతుంటుందనీ తర్వాత కబురొచ్చింది. ప్రాణం దక్కింది.

ఆ సీరియల్ మళ్లీ ఎవరూ పెట్టమనలేదు. కొన్ని వారాలకు హార్డ్ డిస్క్ చలికి చెడిపోయింది.

ఆ తర్వాత ఇంకో రెండు పోస్టింగులు చేసి పింఛనుతో తాండూరు వచ్చేశాను. వచ్చినప్పట్నుంచి ఎవరు కలిసినా ఏదో ఒక సినిమా చూడమంటారు. నాపరాళ్ల పాలిషింగ్ దగ్గర పనిచేసే మా బావ రోజూ లింకులు పంపుతాడు. అన్నీ యుద్ధం సినిమాలే.

"నీ కతనే బావా. సూస్తె ఏడుస్తవ్."

చూశాను. మంచు తెల్లగా, శుభ్రంగా ఉంది. హీరో కోటు గుండీలు విప్పుకుని పరుగెడుతున్నాడు. సాక్సులు ఆరబెట్టుకునేవాడు ఒక్కడూ లేడు. పది నిమిషాలకు ఆపేశాను. ఏడుపు రాలేదు. కోపమొచ్చింది.

బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఖాజా నాతో బడిలో చదివినవాడు. అతనికి కథ చెప్పి ముసలమ్మ సీరియల్ పేరు అడిగాను. పేరు నేనెప్పుడూ పట్టించుకోలేదు. మాకది "ముసలమ్మ కథ", అంతే.

"ముసల్ది, గొర్లు, పోలీసు... ఆగు, సమజైంది. మస్తు సీరియల్ రా అది."

అతను చెప్పినదాన్ని తెరిచాను. అందులో ముసలమ్మ దయ్యం. మర్నాడు వెళ్లి నిలదీశాను.

"మొదటి రెండు ఎపిసోడ్లు ఓపిక పట్టు మల్లేశం. మూడోదాన్నుంచి గుంజుకపోతది."

"నాకు గుంజుకపోయేది వద్దు. నేనడిగింది గావాలె."

"అరె, దానికంటె ఇదే మంచిగుంటది రా!"

కొడంగల్‌లో పనిచేసే టీచర్ మిత్రుడు గొర్రెల జబ్బుల మీద తీసిన చిత్రం పంపాడు. అందరిదీ ప్రేమే. కాదనను. కానీ నేనొకటి అడిగితే ఇంకొకటి చేతిలో పెట్టి, మర్నాడు "సూసినవా? ఎట్లుంది?" అని పరీక్ష పెడతారు. ఒక దశలో ఫోన్ మోగితేనే పళ్లు కొరుక్కునేవాణ్ణి.

చివరికి యూనిట్ పాతవాళ్ల వాట్సాప్ గ్రూపులో రేడియో ఆపరేటర్ నంబరు దొరికింది. ఫోన్ చేశాను. సీరియల్ పేరు చెప్పాడు.

"నువ్వు చివరిది చూశావా?" అని అడిగాను.

"లేదు. నీకు చూడాలని ఉంటే ఒక్కడివే చూడకు" అన్నాడు.

నేను వినలేదు. ఇంటికొచ్చి పెట్టాను. ముసలమ్మ నోరు తెరిచింది. సన్నటి గొంతు, చిన్నపిల్లలాగా. పోస్టులో ఆమె అసలు గొంతును మేమెప్పుడూ సరిగా వినలేదు. ఆమె ఎవరో పరాయి మనిషిలా అనిపించింది. ఆపేశాను. మర్నాడు పొద్దున్నే వికారాబాద్ రైలెక్కాను.

కసరత్తు చేయించే ఆసుపత్రి దగ్గరవుతుందని డాక్టర్ కుటుంబం దోమ నుంచి వికారాబాద్‌కు మారింది. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. అతని భార్య తలుపు తీసింది.

"రా అన్నా. ఆయనకు అన్నీ సమజైతయి. మాటనే వస్తలేదు. అవునని చెప్పాలన్నా కాదనే అంటడు. జర మనసుల పెట్టుకోకు."

కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి ఎడమచెయ్యి చాచాడు. "కాదు, కాదు, కాదు" అన్నాడు నవ్వుతూ. ఆ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"ముసలమ్మ కథ దొరికింది డాక్టర్. ఆఖరిది సూద్దమా?"

"కాదు" అన్నాడు. కుర్చీ మాత్రం ముందుకు జరుపుకున్నాడు.

ఫోన్‌లో సీరియల్ పెట్టి నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు అక్షరాలను ఆపి ఆపి చదువుకున్నాను. పోలీసు మాట ముసలమ్మకు, ముసలమ్మ మాట సంతలోని ఒక గొర్రెల వ్యాపారికి అంటగట్టాను. డాక్టర్ కుర్చీ చెయ్యి మీద కొట్టాడు. "కాదు!" ఈ "కాదు" మాత్రం నిజంగానే కాదని చెప్పడమేనని తెలిసింది. వెనక్కి తిప్పాను. మళ్లీ తప్పు. మళ్లీ దెబ్బ. నాకూ చిర్రెత్తింది.

"నాకు నీ అంత ఇంగ్లీషు రాదు డాక్టర్! ఎట్ల జెప్పమంటవ్?"

అతని భార్య వంటింట్లోంచి తొంగిచూసింది. డాక్టర్ కళ్లు ఎర్రబడ్డాయి. నావి కూడా. నేను ఫోన్ ఆపి బోర్లించాను. తర్వాత అతనే నా మోకాలు తట్టి ఫోన్ వైపు గడ్డం ఊపాడు.

కథ తేలిపోయింది. మంద ఆ వ్యాపారి దొడ్డిలో ఉంది. దొంగతనంలో అల్లుడికీ భాగం ఉంది. సాబ్ చెప్పిందే నిజమైంది. ఆ వందల గొర్రెల్లో నీవేవో చూపించమన్నారు. ముసలమ్మ గట్టిగా ఒక కేక పెట్టింది. దానికి అక్షరాలేవీ రాలేదు. నేను మా నాయన మందను పిలిచే కేక పెట్టాను. పక్కింటివాళ్లు వాకిట్లోకి వచ్చారు. తెర మీద గొర్రెలు తలలెత్తాయి. చూశాయి. మళ్లీ మేతలో పడ్డాయి.

ఒక్కటీ రాలేదు. ముసలమ్మ దొడ్డి గోడ పట్టుకుని నిలబడింది. పోలీసు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె మెల్లగా మాట్లాడసాగింది. చాలాసేపు మాట్లాడింది. అక్షరాలు వరసలు వరసలుగా వచ్చి పోతున్నాయి. నాకు అందలేదు. "ఆగు, వెనక్కి తిప్పుత" అంటూ ఫోన్ మీద వేలు పెట్టబోయాను. డాక్టర్ ఎడమచేత్తో నా చెయ్యి పక్కకు తోశాడు.

అప్పుడు అతని ముఖం చూశాను. చూపు ముసలమ్మ నోటి మీదే ఉంది. ఆమె పెదవులు కదిలినప్పుడల్లా అతని పెదవులు కదులుతున్నాయి. ఆమె ఆగితే ఆగుతున్నాయి. ఆమె నవ్వితే ఒక పక్కే సాగుతున్నాయి. చప్పుడు ఏమీ లేదు. మాటంతా ముగిసేదాకా అతను ఒక్క పదమూ వదల్లేదు.