వెంకటనర్సమ్మ పెద్దమ్మ గడపలు

మా ఇంటి ఓనరు వెంకటనర్సమ్మ నోరు సూర్యాపేటంతా తెలుసు. గడప మీద ఎవరి కాలైనా పడిందో, వాళ్ల ఏడు తరాలనూ తవ్వి పోసేది. పండగ పండగకూ నాలుగు వాటాల గడపలకు తనే కూర్చుని పసుప్పచ్చ ఆయిల్ పెయింట్ వేసేది. కిరాయికొచ్చిన వాళ్లకు రోజూ పసుపు రాసే ఓపిక ఎక్కడిది, డబ్బా రంగయితే ఏడాదంతా మెరుస్తుందని ఆమె లెక్క. కోదాడ నుంచి కొత్తగా వచ్చినప్పుడు ఆ మెరుపుకు నేనూ మురిసిపోయాను.

మా రెండేళ్ల హన్విక ఆ గడప దగ్గరే ఆడేది. పిల్లనొక్కదాన్నే పెద్దమ్మ ఏమీ అనేది కాదు. ఉన్నట్టుండి అది తిండి మానేసింది. కడుపు పట్టుకుని ఏడ్చేది, తెల్లగా పాలిపోయింది. హైదరాబాద్‌లో డాక్టరు పరీక్ష చేయించి రక్తంలో సీసం ఉందన్నాడు. ఇంట్లో పెచ్చులూడే రంగుందా, పిల్ల నోట్లో పెట్టుకుంటుందా అని అడిగాడు. దాని పెదాల మీంచి నేను తుడుస్తూ వచ్చిన పసుప్పచ్చ పొడి గుర్తొచ్చింది.

బస్సు దిగి, నేరుగా కొట్లాటకే పోయాను.

"మీ రంగు మా పిల్లని తినేస్తంది పెద్దమ్మా" అన్నాను.

ఆమె వంగి గోటితో గడపను గీకింది. పెచ్చు లేచింది, దాని కింద ఇంకో పొర. అన్నీ ఆమె పూసినవే.

"ఇల్లు నాది, రంగు నాది. పాపం ఇంకెవరిదయితది?" అంది.

మర్నాడే మమ్మల్ని తన వాటాలోకి మార్చి, వడ్రంగి వీరేశాన్ని పిలిపించింది.

"గడప పీకితే లచ్చిమి పోతదమ్మా. పైపైన గీకి ఇడిచిపెడ్త" అన్నాడతను. గీకితే దుమ్ము లేచి ఇంకా ముప్పని డాక్టరు చెప్పాడన్నాను.

"లచ్చిమి ఈడ కూసోని పెచ్చులు తింటుంటే నా కండ్లు యాడికి పోయినయ్? పీకు వీరేశం. ముందు నాది పీకు."

కాలు తగిలితేనే శాపనార్థాలు పెట్టే మనిషి! కొట్లాటకు పోయినదాన్ని, ఆమెకు దండం పెట్టాలనిపించింది. నాలుగు గడపలనూ తడి గోనెల్లో చుట్టి తీయించింది. తడిగుడ్డతో మా ఇల్లంతా తనే తుడిచింది. కొత్తవి ఉత్త వేపచెక్కవి, చుక్క రంగు లేదు.

ఇప్పుడు హన్విక రక్తంలో సీసం దిగుతోంది, అన్నం అడుగుతోంది. మొన్న శుక్రవారం పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి మా గడపకు పసుపు రాసింది. హన్విక దాని మీద అరచేతులు రుద్ది, వేళ్లు నోట్లో పెట్టుకుంది. నేను చెయ్యి లాగబోయాను.

"తిననియ్యి బిడ్డా," అంది పెద్దమ్మ. "కొమ్ములు నేనే దంచిన."